హారతి చూపులో పడిన మనిషి

తాతాజీ నిడదవోలు కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. పొట్టీ కాదు, పొడుగూ కాదు. మీసం ఉండేది గాని, ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. ఏళ్ళ తరబడి అవే వీధుల్లో అవే గేట్లు తీసుకుని లోపలికి వెళ్ళి, మీటరు చూసి, అంకెలు రాసుకుని బయటికి వచ్చేవాడు. కుక్కలు కూడా అతన్ని చూసి మొరిగేవి కావు. తలెత్తి చూసి, ఎవరూ లేరనుకుని మళ్ళీ పడుకునేవి.

ఒకసారి ఒక ఇంట్లో మెట్ల కింద మీటరు చూస్తుండగా, ఆ ఇంటివాళ్ళు తణుకులో పెళ్ళికని బయల్దేరి గేటుకి తాళం వేసుకుని వెళ్ళిపోయారు. తాతాజీ పిలిచాడు. కానీ గట్టిగా పిలవడం అతనికి అలవాటు లేదు. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చి, మెట్ల మీద కూర్చున్న మనిషిని చూసి, ఎప్పుడొచ్చారని అడిగారు. వాళ్ళు నొచ్చుకుంటారని, ఇప్పుడేనని చెప్పాడు. తాళం వేసిన గేటులోంచి ఎలా వచ్చాడని ఎవరికీ తోచలేదు.

అతని భార్య సీతారామలక్ష్మికి ఏదీ పారెయ్యడం ఇష్టం ఉండదు. ఆవిడ తమ్ముడికి తాడేపల్లిగూడెంలో పరుపుల దుకాణం ఉంది. అక్కడ మిగిలిపోయిన పరుపుగుడ్డ ముక్క ఒకటి తెచ్చుకుంది. తెల్లటి గుడ్డ మీద బొటనవేలంత లావు నల్లచారలు. టైలరు దగ్గరికి తీసుకెళ్తే ఏ మంచానికని అడిగాడు. మా ఆయనకి చొక్కా అని చెప్పింది. టైలరు గుడ్డని, ఆవిడని మార్చి మార్చి చూసి టేపు తీశాడు. కుట్టి తెచ్చిన చొక్కాని తాతాజీ మారుమాట్లాడకుండా తొడుక్కున్నాడు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. అంత చొక్కా తొడుక్కున్నా ఎవరూ ఏమీ అనలేదంటే, తాతాజీ ఎలాంటి మనిషో అర్థం చేసుకోవచ్చు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో అతనికి మీటర్ల మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించసాగాయి. మూడు ఎనిమిదిలా కనపడింది. ఒక రైసుమిల్లుకి పూరిగుడిసె బిల్లు, పూరిగుడిసెకి రైసుమిల్లు బిల్లు వెళ్ళాయి. ఆఫీసరు పిలిచి, రాజమండ్రి వెళ్ళి కళ్ళు చూపించుకుని రమ్మన్నాడు. తాతాజీ ఆ చారల చొక్కా వేసుకుని పాసింజరెక్కాడు.

కళ్ళ డాక్టరు అనంతకృష్ణ గారి ఆసుపత్రిలో జనం కిక్కిరిసి ఉన్నారు. తాతాజీకి ఎదురు బెంచీ మీద ఒక కుటుంబం కూర్చుని ఉంది. నిడదవోలులో కాలవ పక్క పెద్ద డాబా ఉన్న రైతు గణేష్‌బాబు, అతని తల్లి మాణిక్యాంబ, భార్య వీరవేణి, వీరవేణి ఒళ్ళో ఏడాది నిండని పాప. పాప పేరు హారతి. తలకి నూలు టోపీ. టోపీ కింద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఆపరేషన్ గీత.

పసిపిల్లల పుర్రె ఒకే ఎముక కాదు. కొన్ని ముక్కలు, మధ్యలో సందులు. లోపల మెదడు పెరుగుతుంటే ఆ సందులు చోటిస్తాయి. హారతికి కడుపులో ఉండగానే నుదుటికి కుడివైపు సందు మూసుకుపోయింది. పుట్టినప్పుడు ఆ పక్క నుదురు చదునుగా, ఆ పక్క కన్ను రెండోదానికంటే కాస్త పైకి లాగినట్టుగా ఉండేది. ఒకే పక్కకి పడుకోబెట్టడం వల్లనే అలా అయిందని మాణిక్యాంబ ఆవాల దిండు కుట్టింది. తర్వాత నూనె పెట్టి గుండ్రంగా వచ్చేలా రుద్దించింది. ఎముక మాట వినలేదు. చివరికి విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, అతుక్కున్న ఎముకని విడదీసి, నుదుటిని సరిచేశారు. అది బాగా జరిగింది. కానీ పాప దేన్నీ చూడటం లేదు. గిలక్కాయ ఆడిస్తే చప్పుడుకి తిరిగేది. చప్పుడు చెయ్యకుండా ముందు పెడితే ఆ చూపు దాన్ని దాటుకుని ఎటో పోయేది. టార్చిలైటు వేశారు. మాణిక్యాంబ తన ఎర్ర పట్టుచీర కట్టుకుని ఎదురుగా కూర్చుంది. పళ్ళెం మెరిపించారు. లాభం లేకపోయింది.

తాతాజీ కూర్చున్నచోట ఫ్యాను గాలి రావడం లేదు. లేచి పక్క బెంచీకి మారాడు. వీరవేణి ఒళ్ళో పాప తల కదిలింది. పాప కళ్ళు, ముందు ఎడమది, దాని వెనక తడబడుతూ కుడిది, ఆ చారల చొక్కా వెంట వెళ్ళి ఆగాయి.

ఆమె అత్తగారికీ చెప్పలేదు, భర్తకీ చెప్పలేదు. గట్టిగా మాట్లాడితే చెదిరిపోతుందేమోనన్న భయంతో నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ, మీరు మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చుంటారా?"

అది వాళ్ళ చోటేమోననుకుని తాతాజీ లేచి పాత బెంచీకి వెళ్ళాడు. పాప తల మళ్ళీ తిరిగింది. మరోసారి ఇటు రమ్మంది. వచ్చాడు. మళ్ళీ అటు వెళ్ళమంది. వెళ్ళాడు. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాసేపటికి వీరవేణి ఏడవటం మొదలుపెట్టింది. తనవల్ల ఏదో తప్పు జరిగిందనుకుని తాతాజీ క్షమించమన్నాడు.

గోల విని బయటికొచ్చిన డాక్టరు అనంతకృష్ణకి, పాప ఆ చొక్కా వెంటే చూస్తోందని వీరవేణి చెప్పింది. ఆయన తాతాజీని గోడ పక్కన నిలబెట్టి నడిపించారు. అటూ ఇటూ, దగ్గరికీ దూరానికీ. కళ్ళలో చుక్కలు వేయించుకుని కూర్చున్న పేషెంట్లు ఏం జరుగుతోందో సరిగ్గా కనపడక ఒకరినొకరు అడుక్కున్నారు. డాక్టరు లోపలికి వెళ్ళి కొన్ని అట్టలు తెచ్చారు. అట్టకి ఒక సగం బూడిదరంగు, ఒక సగం నలుపు తెలుపు చారలు. చిన్నపిల్లలు చారలు కనపడితే అటే చూస్తారని, కనపడకపోతే ఏ పక్కా చూడరని, క్రితం నెల ఇవే అట్టలు చూపిస్తే హారతి దేన్నీ చూడలేదని చెప్పారు. ఇప్పుడు లావు చారల అట్ట చూసింది. సన్నచారల అట్ట చూడలేదు.

ఆయన చెప్పింది ఇది. పుర్రె బిగుసుకున్నప్పుడు కంటి నరం మీద ఒత్తిడి పడింది. ఇప్పుడది తగ్గింది. కానీ చూడటమన్నది ఒక్క కంటితోనే అయ్యే పని కాదు, మెదడు నేర్చుకోవాలి. నేర్చుకునే వయసు ఇదే. బాగున్న కంటికి రోజూ కాసేపు ప్లాస్టరు అంటించి, వెనకబడ్డ కంటికి పని చెప్పాలి. లావుగా, స్పష్టంగా ఉన్న చారలు చూపిస్తూ ఉండాలి.

డాక్టరు చెప్పింది చారల గురించి. మాణిక్యాంబకి వినపడింది మనిషి గురించి.

ఆవిడ తాతాజీ చెయ్యి పట్టుకుని ఏ ఊరు బాబూ అని అడిగింది. నిడదవోలే అన్నాడు. ఏ వీధని అడిగింది. వీధి చెప్పి, "మీ ఇంటికి మీటరు చూడ్డానికి వచ్చేది నేనేనండి" అన్నాడు.

మాణిక్యాంబ ఒప్పుకోలేదు. వాళ్ళ మీటరు చూసేది ఎవరో పొడుగాయనట. గణేష్‌బాబు, పొడుగాయన కాదు, కళ్ళద్దాలాయన అన్నాడు. తాతాజీ వాళ్ళ వసారాలో మీటరు ఎక్కడుందో, దాని కింద ఎండబెట్టిన ఒడియాల చేటని ఎన్నిసార్లు దాటాడో చెప్పాడు. అవన్నీ నిజమే గాని వచ్చేది మాత్రం మీరు కాదని మాణిక్యాంబ అతనికి నచ్చజెప్పింది. కాదేమోనని తాతాజీకి కూడా ఒక్క క్షణం అనిపించింది.

ఆ హడావిడిలో తన కళ్ళు చూపించుకోకుండానే అతను రైలెక్కాడు. రైల్లో హారతికి ఎదురు సీటు అతనికిచ్చారు.

మర్నాటి నుంచి ఆఫీసు అవగానే తాతాజీ గణేష్‌బాబు ఇంటికి వెళ్ళేవాడు. వసారాలో తెల్లగోడకి ఆనుకుని నిలబడేవాడు. వీరవేణి పాప ఎడమకంటికి ప్లాస్టరు అంటించేది. మాణిక్యాంబ కుర్చీలో కూర్చుని, కుడికి రమ్మనీ, ఎడమకి పొమ్మనీ, నెమ్మదిగా నడవమనీ చెప్పేది. కాఫీ ఇచ్చేవారు గాని కూర్చోనిచ్చేవారు కాదు. కూర్చుంటే చారలు వంగుతున్నాయి. ఒక వారం చొక్కా మాసిందని మానేస్తే, గణేష్‌బాబు స్కూటరు మీద వచ్చి చొక్కా తీసుకెళ్ళి, ఉతికించి గంజిపెట్టి ఇస్త్రీ చేయించి తెచ్చాడు. ఇరుగుపొరుగు వాళ్ళు చూడటానికి వచ్చేవారు. ఏం చూస్తున్నారో వాళ్ళకీ తెలీదు. తెల్లగోడ ముందు ఒక మనిషి ఇటు నుంచి అటు నడిచేవాడు, ఒక పాప తల తిప్పేది, అందరూ తల ఊపేవారు.

ఈయన రోజూ ఎక్కడికి వెళ్తున్నాడో చూద్దామని సీతారామలక్ష్మి ఒకరోజు వెనకే వచ్చింది. గేటు దగ్గర నిలబడి చూసింది. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. రాత్రి అన్నం వడ్డిస్తూ, నడుస్తున్నప్పుడు భుజాలు వంచకుండా ఉంటే బాగుంటుందని మాత్రం చెప్పింది. తాతాజీ ఆ మాట పాటించాడు. తనని ఎవరైనా అంతసేపు చూడటం అతనికి కొత్త. ఆఫీసులో ఉన్నా నాలుగయ్యేసరికి ఒళ్ళంతా నిటారుగా అయిపోయేది.

ఆపరేషన్ మూలంగా ఆగిపోయిన అన్నప్రాశన పదకొండో నెలలో చేశారు. చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, చాకు, వడ్లు పెట్టి పాపని వదిలారు. హారతి పుస్తకాన్ని దాటింది. కలాన్ని తోసేసింది. గొలుసు మీద నుంచే పాకి, గుమ్మం దగ్గర నిలబడ్డ తాతాజీ వైపు వెళ్ళింది. పురోహితుడు వేంకటేశ్వర్లు గారు అతన్ని పక్కకి తప్పుకోమన్నారు. తప్పుకున్నాడు. పాప అటే తిరిగింది. స్తంభం వెనక్కి వెళ్ళమన్నారు. వెళ్ళాడు. పాప స్తంభం దాకా పాకి వచ్చి, బయటికి కనపడుతున్న చొక్కా అంచు పట్టుకుంది.

పురోహితుడికి ఇలాంటిది ఎప్పుడూ ఎదురు కాలేదు. ఈ పెద్దమనిషి ఏం చేస్తుంటారని అడిగారు. కరెంటాఫీసన్నారు. అయితే అమ్మాయికి విద్యుత్ శాఖలో యోగం ఉందన్నారు.

"ఏ హోదా అండి?" అన్నాడు గణేష్‌బాబు.

పట్టుకున్నది మీటర్లు చూసే ఆయన్ని కాబట్టి ఆ హోదాయే అనుకోవాలన్నారు పురోహితుడు. గణేష్‌బాబు ఒప్పుకోలేదు. ఇంజనీరు కావచ్చు కదా అన్నాడు. చొక్కా పూర్తిగా పట్టుకోలేదు, అంచు మాత్రమే పట్టుకుంది కదా అని వాదించాడు. దక్షిణ తీసుకునే వేళకి పురోహితుడు అసిస్టెంట్ ఇంజనీరు దాకా వచ్చారు. తాతాజీ స్తంభం వెనకే నిలబడి ఇదంతా విన్నాడు. పాప ఇంకా అంచు వదల్లేదు కాబట్టి కదలడానికి లేదు.

తర్వాత రాజమండ్రి వెళ్ళినప్పుడు వీరవేణి డాక్టరుకి అంతా వివరంగా చెప్పింది. రోజూ ఆయన్నే రప్పిస్తున్నామని, ఆయన సెలవు పెడితే ఇబ్బందవుతోందని చెప్పింది. అనంతకృష్ణ గారు చారల అట్టలు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, మనిషితో పని లేదమ్మా, చారలు చాలు, ఎవరు వేసుకున్నా ఫరవాలేదు, కిటికీకి కర్టెను కట్టినా ఫరవాలేదు అన్నారు.

గణేష్‌బాబు తాడేపల్లిగూడెం వెళ్ళి పరుపుగుడ్డ తాను మొత్తం కొనుక్కొచ్చాడు. మూడోరోజు సాయంత్రం తాతాజీ వెళ్ళేసరికి గణేష్‌బాబుకి చారల చొక్కా, మాణిక్యాంబకి చారల జాకెట్టు, కిటికీలకి చారల కర్టెన్లు. పాలు పోసే మనిషి భుజం మీద చారల కండువా. హారతి ఒకరి నుంచి ఒకరికి చూపు తిప్పుతూ కూర్చుంది. తాతాజీ వైపు కూడా చూసింది, వరసలో అతని వంతు వచ్చినప్పుడు.

ఆ రోజు అతనికి కుర్చీ వేశారు. కూర్చుని కాఫీ తాగాడు. వెళ్ళొస్తానని చెబితే, అప్పుడప్పుడూ వస్తూ ఉండండి తాతాజీ గారూ అన్నాడు గణేష్‌బాబు. మర్నాడు వెళ్ళలేదు. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి వసారాలో నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డారని సీతారామలక్ష్మి అడిగితే, అలవాటైందన్నాడు. ఆవిడ పీట వేసింది. పరుపుగుడ్డ చొక్కా మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. ఖాళీ దొరికింది కాబట్టి ఆ వారమే అతను రాజమండ్రి వెళ్ళి తన కళ్ళు పరీక్ష చేయించుకున్నాడు. నల్లఫ్రేము కళ్ళద్దాలు వచ్చాయి.

మళ్ళీ ఆ వీధికి మీటర్లు చూడటానికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. మామూలు తెల్లచొక్కా వేసుకుని, కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని గణేష్‌బాబు ఇంటి గేటు తీశాడు. మాణిక్యాంబ వసారాలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతన్ని చూసి ఆవిడ, మీటరా, చూసుకో బాబూ అంది. తాతాజీ మీటరు చూశాడు. వెళ్ళబోతూ ఒకసారి పాప ముందు వంగి, ఏమ్మా అన్నాడు.

హారతి అతని ముఖంలోకి చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. వణికింది. తర్వాత కాలవ అవతలికి వినపడేంత గట్టిగా ఏడుపు అందుకుంది.

వీరవేణి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. గణేష్‌బాబు వచ్చాడు. పసిపిల్లని ఏం చేశావని మాణిక్యాంబ కోప్పడింది. తాతాజీ మళ్ళీ క్షమించమన్నాడు, ఈసారి ఎందుకో తెలిసి. వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు. ఏడుపు ఆగింది.

"ఆగండి," అంది వీరవేణి. "ఒకసారి ఇటు తిరగండి."

తిరిగాడు. పాప ఏడ్చింది. వెనక్కి తిరగమంది. తిరిగాడు. పాప ఆపింది. గోడ చాటుకి వెళ్ళి, మాట్లాడకుండా తల మాత్రం బయట పెట్టమంది. పెట్టాడు. పాప ఏడ్చింది.

"అత్తయ్యా, ఈయన చొక్కాకి చారలు లేవు," అంది వీరవేణి. "ఇది మొహాన్ని చూసి ఏడుస్తోంది."

మాణిక్యాంబకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ లేచి వచ్చి తాతాజీ గడ్డం పట్టుకుని పాపకి సరిగ్గా కనపడేలా ముఖం తిప్పింది. పాప ఊపిరి బిగబట్టి మరీ ఏడ్చింది. మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు అతని చేత సెలవు పెట్టించి అందరూ కలిసి రాజమండ్రి వెళ్ళారు.

కొత్త కళ్ళద్దాలు చూసి భయపడిందేమోనని గణేష్‌బాబుకి అనుమానం. డాక్టరు అనంతకృష్ణ పాపకి ఎదురుగా తాతాజీని కూర్చోబెట్టారు. గది దద్దరిల్లింది. ఆ ఏడుపు వింటూ డాక్టరు ఎంతో తృప్తిగా నవ్వారు. కళ్ళద్దాలున్నాయని తెలియాలన్నా ముఖం కనపడాలి కదా అన్నారు. తనవాళ్ళెవరో, కొత్తవాళ్ళెవరో విడదీసి చూస్తోంది, ఈ వయసు పిల్లలు కొత్తముఖం చూసి ఏడవకపోతేనే మేం కంగారుపడతాం అన్నారు. సన్నచారల అట్ట తెచ్చి చూపించారు. హారతి వెక్కుతూనే చారల పక్కకి తిరిగింది.

తిరుగు దారిలో గణేష్‌బాబు రాజమండ్రి స్టేషను బయట కాజాలు కొని, ఎక్కిన పెట్టెలో ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి కూడా పంచాడు. దేనికని అడిగితే మా పాప ఏడ్చిందండి అన్నాడు. వాళ్ళు తాతాజీ వైపు చూశారు. ఈయన్ని చూసే అని మాణిక్యాంబ చెప్పింది. పాప మాత్రం అలిసిపోయి నిద్రపోయింది.

ఆ తర్వాత చాలారోజులు బంధువులు వచ్చినప్పుడల్లా తాతాజీకి కబురు వచ్చేది. అందరూ వసారాలో కూర్చునేవారు. అతను గుమ్మంలో కనపడేవాడు. పాప ఏడ్చేది. బంధువులు సంతోషించి, ఆహా, ఎంత బాగా చూస్తోందో అనుకునేవారు. అతను వెనక్కి తగ్గేవాడు. వీరవేణికి ఇది నచ్చేది కాదు. పిల్లని ఎందుకు ఏడిపించడమని అనేది. సీతారామలక్ష్మి కూడా అదే అడిగింది.

"పసిపిల్లని ఏడిపించడానికి తల దువ్వుకుని వెళ్ళడమేంటండీ?"

తాతాజీ దువ్వెన కింద పెట్టి ఆలోచించాడు. ఇన్నేళ్ళూ తన ముఖం చూసి ఒకరు నవ్విందీ లేదు, ఏడ్చిందీ లేదని ఆవిడకి చెప్పబోయి, చెప్పలేకపోయాడు. వాళ్ళు పెనుగొండ నుంచి వచ్చారట, త్వరగా వచ్చేస్తాను అన్నాడు.

ఆ పెనుగొండ వాళ్ళ ముందే హారతి ఏడవడం మానేసింది. తాతాజీ గుమ్మంలో నిలబడితే అతన్ని కాసేపు చూసి, ఇతనా అన్నట్టు తల తిప్పుకుని తన అరిచెయ్యి చూసుకుంది. ముందుకి రమ్మన్నారు. వంగమన్నారు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకోమన్నారు. పాప చెయ్యి చాచి ఆ కళ్ళద్దాలు లాగేసింది. పెనుగొండ వాళ్ళు బస్సులో నిలబడి వచ్చామండి అని కొంచెం నొచ్చుకున్నారు. మాణిక్యాంబ వాళ్ళకి భోజనం పెట్టి పంపింది.

రెండేళ్ళు నిండాక హారతికి కళ్ళద్దాలు పెట్టారు, జారిపోకుండా వెనక రిబ్బనుతో. నాలుగో ఏట మెల్ల సరిచెయ్యడానికి చిన్న ఆపరేషన్ చేశారు. కుడికన్ను ఎడమకంటిని ఎప్పటికీ పూర్తిగా అందుకోదని డాక్టరు ముందే చెప్పారు, అలాగే అయింది. నుదుటికి కుడిపక్క చెయ్యి పెట్టి చూస్తే చిన్న గట్టు తగులుతుంది. బడిలో ముందు బెంచీ. చదువు ఫరవాలేదు. లెక్కలంటే కోపం. ఆ విషయంలో పురోహితుడు చెప్పింది జరిగేలా లేదని గణేష్‌బాబు దిగులు.

ఈలోగా తాతాజీకి పెద్దాపురం బదిలీ అయింది. రెండువేల ఆరులో మరిడమ్మ జాతరకి గణేష్‌బాబు కుటుంబం అక్కడికి వచ్చి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం తాతాజీ ఇంట్లో భోజనానికి కూర్చుంది. మాణిక్యాంబ అప్పటికి నడవలేకపోయేది, ఆవిడ రాలేదు. సీతారామలక్ష్మి పనసపొట్టు కూర చేసింది. హారతి తాతాజీకి ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతూ ఆపి, కుడికన్ను కొంచెం చికిలించి, అతన్నే చూడటం మొదలుపెట్టింది. చాలాసేపు చూసింది. వీరవేణి, అలా చూడకూడదమ్మా, తిను అంది.

"తాతాజీ గారూ, మీకు ఒక చెవి పైకుంది, ఒక చెవి కిందికుంది," అంది హారతి.

వీరవేణి సిగ్గుపడి కూతుర్ని కసిరింది. అదేం లేదమ్మా అన్నాడు తాతాజీ. ఉంది అంది హారతి. సీతారామలక్ష్మి వడ్డించే గరిటె పక్కన పెట్టి, భర్త ముందుకొచ్చి నిలబడి చూసింది. పెళ్ళై పాతికేళ్ళు దాటింది. కాస్త వెనక్కి జరిగి మళ్ళీ చూసింది. నిజమేనండి అంది. గణేష్‌బాబు ఎంగిలిచేత్తోనే లేచి వచ్చి తాళంచెవుల గొలుసుని రెండు చెవులకీ అడ్డంగా పట్టి, వేలెడు తేడా ఉందన్నాడు. అంత లేదన్నాడు తాతాజీ. లేచి బీరువా అద్దం ముందుకి వెళ్ళాడు. వెనకే సీతారామలక్ష్మి వెళ్ళి, అతని పక్కన నిలబడి, ముందు అతని చెవులు చూసి, తర్వాత తన జడ ఎత్తి తన చెవులు చూసుకుంది. అమ్మో, నాకూ అంతేనండి అంది. గణేష్‌బాబు మీరు కాస్త జరగండి అని అద్దం ముందుకొచ్చాడు. వీరవేణి కూడా లేచింది.

హారతి కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. ఎవరిది ఎటు వంకరో అక్కడి నుంచే ఒక్కొక్కరికీ చెబుతూ, పనసపొట్టు కూర ఇంకొంచెం వేసుకుంది.